మంచం తాలూకు డిపాజిట్

విరాళం వేరు, డిపాజిట్ వేరు. విరాళం మనది. డిపాజిట్ మనది కాదు, మన దగ్గరుంది, అంతే. ఈ ముక్క లెక్కలు నేర్చుకునే పిల్లలకైనా తెలుసు. ముప్పై ఏళ్లు పద్దులు రాసిన నాకు తెలియదా? తెలుసు. తెలిసే రాశాను. ఎవరైనా "పాపం, పొరపాటు పడింది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. పొరపాటు అంటే తెలియక చేసేది.

మా సంస్థ చేసే పని చిన్నది. మంచాన పడ్డవాళ్లకు కావలసిన సామాను ఇంటికి పంపేవాళ్లం. తల వైపు పైకి లేచే మంచం, చక్రాల కుర్చీ, పట్టుకుని నడిచే స్టాండు, వీపు పుండ్లు పడకుండా గాలి పరుపు. అద్దె లేదు. అవసరం తీరాక తిరిగి ఇచ్చెయ్యాలి. అవసరం తీరడమంటే ఏమిటో మాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు, పైకి మాత్రం ఎవరం అనేవాళ్లం కాదు.

పెట్టింది అక్కయ్య. నర్సుగా చేసి రిటైరైన మనిషి. తనకంటే పెద్దవాళ్లకు కూడా అక్కయ్యే. వాళ్లమ్మ కోసం కొన్న మంచం, ఆవిడ పోయాక ఖాళీగా పడి ఉంటే, పక్కింటివాళ్లు అడిగి తీసుకెళ్లారు. అక్కడినుంచి ఇంకొకరు. ఆ మంచం కాలి మీద తెల్లరంగుతో "1" అని అక్కయ్యే రాసింది. తర్వాత ఆ అంకెలు నూట నలభై దాకా నడిచాయి.

ఆఫీసంటే అచ్చాఫీసు వెనకాల రెండు గదులు. ముందు గదిలో నా బల్ల, ఇనప బీరువా, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక బెంచీ. వెనక గదిలో సామాను, ఫినాయిలు వాసన. గోడకవతల అచ్చు మిషన్ తిరుగుతుంటే నా బల్ల మీద పెన్ను దొర్లి కింద పడేది. వ్యాను తోలేది బాబాయ్. ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు. నన్ను లెక్కలమ్మ అంటారు. నోరు కాస్త ఎక్కువని నా వెనకాల ఇంకేదో కూడా అంటారట, ఆ పేరేమిటో బాబాయ్ నాకు ఇంతవరకూ చెప్పలేదు.

మొదట్లో డిపాజిట్ లేదు. మూడు నెలల్లో రెండు చక్రాల కుర్చీలు కాళ్లొచ్చినట్టు మాయమయ్యాక పెట్టాం. మంచానికి ఐదు వేలు. ఆ డబ్బు తెల్ల కవరులో పెట్టి, మీద సామాను నంబరు రాసి, బీరువా సొరుగులో ఉంచేదాన్ని. సామాను తెచ్చుకోడానికి వెళ్లేరోజు బాబాయ్ ఆ కవరు జేబులో పెట్టుకుని వెళ్లేవాడు. మంచం తీసుకో, కవరు ఇచ్చెయ్. అంతకంటే సులువైన లెక్క ఇంకోటి ఉండదు.

ఒకరోజు బాబాయ్ మంచంతో పాటు కవరు కూడా వెనక్కి తెచ్చాడు.

"తీసుకోలేదమ్మా. తల్లి పోయి నాలుగు రోజులు. 'ఈ డబ్బు చేత్తో ముట్టుకోలేను, పట్టుకెళ్లు' అని తలుపేసేశాడు."

"మళ్లీ వెళ్లి ఇచ్చి రా."

"ఆ తలుపు మళ్లీ నేను కొట్టలేనమ్మా. నువ్వెళ్లు కావాలంటే."

నేనూ వెళ్లలేదు. ఆ నెలలో ఇంకో ఇద్దరు అలాగే అన్నారు. ఏడాది తిరిగేసరికి పదిమందిలో ఎనిమిది మంది తీసుకోవడం లేదు. సొరుగు మూత పడటం లేదు. కవర్లన్నీ బల్ల మీద పోసి అక్కయ్యను పిలిచాను.

"ఇవేం చెయ్యమంటారు?"

అక్కయ్య ఒక్కొక్క కవరూ తీసి నంబరు చూసింది. ప్రతి నంబరుకూ ఆమెకొక మనిషి గుర్తొస్తాడు. "ఎవరొస్తారే పోయినవాళ్ల డబ్బు కోసం? విరాళం కింద రాసెయ్. ఇంకో రెండు మంచాలొస్తాయి."

"రేపెవరైనా వచ్చి అడిగితే?"

"అడిగితే ఇద్దాం. మనమేమన్నా పారిపోతున్నామా?"

అలా మొదలైంది. ముందు వాళ్లు వద్దన్నాకే రాసేదాన్ని. తర్వాత్తర్వాత, ఒకే డబ్బుకు రెండుసార్లు పద్దు రాయడం దేనికని, తీసుకున్నరోజే విరాళాల గడిలో రాసెయ్యడం మొదలుపెట్టాను. బాబాయ్‌కి కవరు ఇవ్వడం మానేశాను. పదిమందిలో ఆ మిగతా ఇద్దరు? అడిగితే ఇచ్చేదాన్ని. అడిగితేనే. రసీదు మీద మాత్రం "సామాను తిరిగి అందగానే డిపాజిట్ వాపసు ఇవ్వబడును" అనే అచ్చు అలాగే ఉండేది. అయిపోయినప్పుడల్లా పక్కన అచ్చాఫీసులోనే మళ్లీ వేయించేవాళ్లం. ఆ వాక్యం తీసెయ్యమని నేను ఒక్కసారీ చెప్పలేదు.

ఏడాదికేడాది లెక్కల్లో మిగులే. ఉచితంగా సంతకం పెట్టే ఆడిటర్‌గారు కళ్లజోడు పైకెత్తి, "మీ సంస్థ గుండ్రాయిలా ఉందమ్మా" అనేవారు. నాకెంత మురిపెమో! ఆ మిగులు చూసి, అంతకుముందు నెలనెలా తలా ఇంత ఇచ్చేవాళ్లు, "మీకేం తల్లీ, బోలెడుంది, లేనివాళ్లకిస్తాం" అని ఒక్కొక్కరే తప్పుకున్నారు. వాళ్ల మాటకు నేను అడ్డు చెప్పలేదు. గొప్పగా ఉండేది కూడా. చివరికి మా తిండి మొత్తం డిపాజిట్ల మీదే. ఊళ్లో జబ్బులు పెరిగితే మా ఆరోగ్యం బాగుండేది. పైన పటారం, లోన లొటారం. ఇలా ఇరవై ఏళ్లు గడిచాయి. మూడో గది అద్దెకు తీసుకున్నాం, రెండో వ్యాను కొన్నాం.

అప్పుడొచ్చింది ఆ ఊపిరి జబ్బు. ఇంటికొకరు దగ్గుతూ పడిపోయారు. ఆసుపత్రిలో చోటు లేదు. ఆక్సిజన్ మిషన్ కావాలని మా బెంచీ మీద పొద్దున ఆరింటికే మనుషులు. అక్కయ్య ఒక్క మాటన్నది: "బ్యాంకులో ఉన్నదంతా తియ్యి." తీశాను. ముప్పై ఆరు మిషన్లు కొన్నాం. ఖరీదైన సామాను కాబట్టి డిపాజిట్ పదిహేను వేలు. ఆ వచ్చిన డిపాజిట్లన్నీ విరాళాల్లో రాసి, వాటితోనే ఇంకో మిషన్, ఇంకో మిషన్. ఆ మూడు నెలలూ అక్కయ్య సరిగ్గా తిన్నదీ లేదు, కూర్చున్నదీ లేదు.

ఆ మిషన్లు పెట్టుకున్నవాళ్లు బతికారు.

అందరూ కాదు. కానీ చాలామంది. ఇరవై రెండేళ్లుగా మాకు అలవాటైన జబ్బులు వేరు. మా మంచం ఎక్కినవాళ్లు దిగి నడిచి రావడమనేది మేం చూసింది తక్కువ. పోయినవాళ్ల ఇంట్లోవాళ్లు డబ్బు అడగరు. బతికినవాళ్లు అడుగుతారు. ఎందుకడగరు? రసీదుంది, సామాను చేతిలో ఉంది, బతికున్న మనిషికి సవాలక్ష ఖర్చులు. ఇంత చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. సాయం చేసేవాళ్లమని పేరు పెట్టుకుని, సాయం పనిచేస్తే ఏమవుతుందో ఆలోచించుకోలేదు మేము.

మొదట వచ్చినవాళ్లు నవ్వుతూ వచ్చారు. "లెక్కలమ్మా, బతికిపోయాను చూడు!" అని మిషన్ బల్ల మీద పెట్టి, పక్కన రసీదు పెట్టేవాళ్లు. మిగిలిన డబ్బుతో తొమ్మిది మందికి ఇచ్చాను. రెండో వ్యాను అమ్మి నలుగురికి. నేను దాచుకున్నది తీసి ముగ్గురికి. మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అంతలో ఆసుపత్రివాళ్లే మిషన్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఇక కొత్త డిపాజిట్లు లేవు, మా పాత మిషన్లు కొనే దిక్కూ లేదు. ఫలానా ఆయన లేచి తిరుగుతున్నాడట అని ఎవరైనా చెబితే రసీదుల పుస్తకం తీసి ఆ పేరు వెతికేదాన్ని. ఒక మనిషి బాగుపడ్డాడని వింటే భయపడే స్థితికొచ్చాను. అంతకంటే పతనం ఏముంటుంది?

సరిగ్గా ఆ నెలలోనే అక్కయ్య పడిపోయింది. ఎడమవైపు చచ్చుబడింది. మాట మాత్రం పోలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేరోజు బాబాయ్ వెతికి వెతికి ఒకటో నంబరు మంచమే తెచ్చి వేశాడు. పడుకోబెట్టగానే ఆవిడ అన్న మొదటి మాట: "డిపాజిట్ తీసుకున్నావా?"

"మీ దగ్గరేమిటక్కయ్యా?"

"రూలు రూలే. రసీదు రాయి. లేకపోతే దించెయ్ నన్ను."

పెన్షన్‌లోంచి ఐదు వేలు ఇచ్చింది. రసీదు రాశాను. ఆ డబ్బును మాత్రం, ఇరవై ఏళ్లలో మొదటిసారి, తెల్ల కవరులో పెట్టి, "మంచం 1" అని రాసి సొరుగులో పెట్టాను. విరాళాల గడిలో రాయడానికి చెయ్యి రాలేదు.

అక్కయ్యకు ఉన్నది చెల్లెలొక్కతే. మేమంతా చిన్నక్క అనేవాళ్లం. పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా అక్కకు వండిపెట్టింది, ఇప్పుడు డెబ్భై దాటాక అక్కను తిప్పి పడుకోబెడుతోంది. మోకాళ్లు అరిగిపోయాయి. గోడ పట్టుకుని నడుస్తుంది. ఎవరినీ ఏదీ అడగదు. మంచినీళ్లు కావాలన్నా తనే లేస్తుంది.

ప్రతి గురువారం వెళ్లి అక్కయ్యకు లెక్కలు చదివి వినిపించేదాన్ని. అది ఆవిడకు మందుకంటే ఎక్కువ.

"సామాను ఎన్ని బయటున్నాయి?"

"తొంభై."

"చేతిలో ఎంతుంది?"

"మూడు లక్షల పైనే."

"పోయినవారం రెండున్నర అన్నావు?"

"విరాళాలొచ్చాయి అక్కయ్యా." నోటికొచ్చిన అంకె చెప్పడం నా జన్మలో అప్పుడే నేర్చుకున్నాను. ఆవిడ కళ్లు మూసుకుని ఆ అంకెలు వింటూ కుడిచేత్తో దుప్పటి మీద మెల్లగా తట్టేది. ఇంత నమ్మే మనిషికి ఏ మొహంతో నిజం చెప్పను? చెప్పాలనే వెళ్లేదాన్ని ప్రతివారం. చెప్పకుండానే వచ్చేదాన్ని.

ఇటు ఆఫీసులో ప్రతి సోమవారం దర్జీ. ముప్పై ఒకటో మిషన్ ఇతనిది. సన్నటి మనిషి, ఇంకా నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండు కుట్టుమిషన్లూ తాకట్టు పెట్టి మాకు పదిహేను వేలు కట్టాడు. వాటిని విడిపించుకుంటేగాని ఇంట్లో పొయ్యి వెలగదు. అరిస్తే బాగుండేది. నోరున్నదాన్ని, నేనూ అరిచేదాన్ని, సరిపోయేది. అతను బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"ఏమైనా వీలైందామ్మా?"

గాలి పరుపులు అమ్మి నాలుగు వేలు ఇచ్చాను. బీరువా అమ్మి ఆరు. అందులో ఉన్న అక్కయ్య కవరు నా బల్ల సొరుగులోకి మారింది. దర్జీకి ఇంకా ఐదు బాకీ. పేరుకు మాత్రం ఉన్న మా సంస్థ కమిటీవాళ్లు కూర్చుని మూసెయ్యమన్నారు. మిగిలిన సామానంతా పాత సామాన్ల వ్యాపారికి గుత్తగా అమ్మి, వచ్చినది గదుల అద్దె బకాయికి, మిగిలితే డిపాజిట్‌దార్లకు అన్నారు. అద్దెకే చాల్లేదు. వ్యాపారి జాబితాలో ఒకటో నంబరు మంచం కూడా ఉంది. "ఆవిడ అవసరం తీరాక పంపండి, తొందర లేదు" అన్నాడు. మంచివాడే.

ఒక సోమవారం దర్జీ అన్నాడు. "వచ్చే నెల మొదటి సోమవారం దాకా గడువిచ్చారమ్మా తాకట్టు కొట్టువాళ్లు. మధ్యాహ్నం దాటితే అమ్మేస్తారంట. పదీ దాచి ఉంచా. ఆ ఐదు ఉంటే చాలు."

నా మోకాలికి ఆనుకుని ఉన్న సొరుగులోనే ఉంది ఆ ఐదు. "చూస్తాను నాయనా" అన్నాను. సొరుగు మీద చెయ్యి పెట్టి మరీ అన్నాను.

ఆ గురువారం అక్కయ్య లెక్కలు వినలేదు. దిండు కింద నుంచి రసీదు తీయమంది. చిన్నక్క వంటగదిలో ఉంది.

"నేను పోయాక బాబాయ్ మంచానికొస్తాడుగా. నువ్వూ రా. కవరు తీసుకురా. దీనికివ్వు."

"అవేం మాటలక్కయ్యా ఇప్పుడు?"

"విను. నా పెన్షన్ నాతోనే పోతుంది. దీనికంటూ పైసా లేదు. ఆ ఐదు వేలు చేతిలో ఉంటే రెండు నెలలు ఎవరినీ అడగక్కర్లేకుండా గడుపుకుంటుంది, ఈలోగా ఏదో ఒకటి చూసుకుంటుంది. ఇది వద్దంటుంది. దీని మొహమాటం సంగతి నీకు తెలుసుగా. వద్దంటే వినకు. చేతిలో పెట్టి గుప్పిట మూసెయ్."

"ఎవరొస్తారే పోయినవాళ్ల డబ్బు కోసం అన్నారు ఒకప్పుడు," అన్నాను. ఎందుకన్నానో, నా నోరు కాల్చ.

అక్కయ్య నావైపు చూసింది. "అన్నాను కదూ," అంది. "మనం ఎవరి డబ్బూ ఉంచేసుకోలేదు కదే?"

"లేదక్కయ్యా."

"ఒట్టు?"

"ఒట్టు."

పన్నెండు రోజుల తర్వాత ఆవిడ నిద్రలోనే పోయింది. మేం సామాను ఇచ్చిన ఇళ్లవాళ్లు ఎంతమంది వచ్చారో! వీధి పట్టలేదు. అందరూ ఆవిడ గురించి గొప్పగా చెప్పుకున్నారు. నేను గోడ పక్కన నిలబడి, వాళ్లలో ఎంతమందికి మేం బాకీ ఉన్నామో లెక్కపెడుతూ ఉండిపోయాను. ఏడవలేదు. ఏడిచే హక్కు నాకు ఉందని అనిపించలేదు.

వారం దాటాక వచ్చిన ఆదివారం మంచానికి వెళ్లాం. కవరు నా చేతిసంచీలో ఉంది. మర్నాడే దర్జీ గడువు.

బాబాయ్ మంచం బిగింపులు విప్పుతుంటే చిన్నక్క గుమ్మం పట్టుకుని చూస్తోంది. గదిలో మంచం ఆనవాలు నేల మీద నాలుగు చుక్కల్లా మిగిలింది. నేను కవరు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఇదేమిటే?"

"అక్కయ్య మంచం డిపాజిట్. మీకివ్వమంది."

చెయ్యి కాలినట్టు వెనక్కిచ్చేసింది. "అయ్యో, వద్దమ్మా! అక్క ప్రాణమంతా ఆ సంస్థే. ఉంచు. ఎవరికైనా పనికొస్తుంది."

వద్దంటే వినకు. చేతిలో పెట్టి గుప్పిట మూసెయ్. ఆ మాటలు నా చెవుల్లో గింగురుమంటూనే ఉన్నాయి. సంస్థ లేదు చిన్నక్కా, ఎప్పుడో పోయింది, ఇది మీదే, అని ఒక్క మాట అంటే అయిపోయేది. అలా అంటే మిగతాదంతా చెప్పాలి. బాబాయ్ మంచం మోస్తున్నవాడు ఆగిపోయి నావైపు చూశాడు. వాడికి అన్నీ తెలుసు.

నేను కవరు సంచీలో పెట్టుకున్నాను. రెండోసారి ఇవ్వబోలేదు.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచింది. జన్మలో మొదటిసారి ఆవిడ ఏదో అడగబోతోందని గొంతు పలికిన తీరులోనే తెలిసింది.

"ఏమీ అనుకోకు. మంచం సరే... ఆ పరుపు అవసరమా మీకు? కింద పడుకుంటే లేవలేకపోతున్నాను."

బాబాయ్ మళ్లీ పైకెక్కి పరుపు గదిలో పరిచి వచ్చాడు. వ్యాపారితో పరుపు చిరిగిపోయిందని చెప్పాం. ఆఫీసు దగ్గర వ్యాను దిగేటప్పుడు బాబాయ్, "అక్కయ్య కవరు తీసుకెళ్లమన్నది ఇవ్వడానికే కదమ్మా?" అన్నాడు. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

సోమవారం తొమ్మిది గంటలకే దర్జీ వచ్చాడు. బెంచీ కూడా అమ్మేశాం కాబట్టి నిలబడ్డాడు. కవరు ఇచ్చాను. మీద "మంచం 1" అని నా చేతిరాత. అతను రెండుసార్లు లెక్కపెట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"మీ రుణం తీర్చుకోలేనమ్మా. మీలాంటివాళ్లు ఉండబట్టే మాలాంటివాళ్లు బతుకుతున్నారు."

"పో నాయనా, గడువు దాటిపోతుంది," అన్నాను. ఆయాసపడుతూనే గబగబా వెళ్లిపోయాడు.

ఇంకా ఇరవైమంది దాకా ఉన్నారు రసీదులున్నవాళ్లు. వాళ్లకివ్వడానికి ఇక నా దగ్గర ఏమీ లేదు. చిన్నక్కకు నెలకింత సర్దుదామని నాలో నేను చాలా అనుకున్నాను. ఎక్కడినుంచి తెస్తానో మాత్రం అనుకోలేదు.

పుస్తకం తీశాను. ఆ సంస్థకు అది ఆఖరి పద్దు. మంచం నంబరు ఒకటి, డిపాజిట్, ఐదు వేలు, ఇంట్లోవాళ్లు వద్దన్నారు. గోడకవతల అచ్చు మిషన్ తిరుగుతోంది. పెన్ను దొర్లిపోకుండా గట్టిగా పట్టుకుని, విరాళాల గడిలో రాశాను.